వచ్చిన డబ్బు మాయం, కట్టిన డబ్బూ మాయం. ఇది ఆర్‌బీఎఫ్ (ఫీజు పెంచి పాత ట్రాన్సాక్షన్‌ని మార్చే పద్ధతి) దెబ్బేనా?

బెజవాడ_బ్యాకెండ్
సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. టెన్షన్‌లో టైప్ చేస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకోండి.

నేను ఇంటి నుంచే బ్యాకెండ్ పనులు చేస్తాను. మూడేళ్ళుగా పని ఇస్తున్న విదేశీ క్లయింట్ ఒకాయన నిన్న సాయంత్రం బిట్‌కాయిన్‌లో డబ్బు పంపాడు. వాలెట్‌లో బూడిద రంగులో కనిపించింది, ఇంకా కన్ఫర్మ్ కాలేదు, అంటే బిట్‌కాయిన్ చిట్టాలో కొత్త పేజీ లాంటి బ్లాక్‌లోకి ఎక్కలేదు. అదే రాత్రికి నా సర్వర్ అద్దె గడువు. కన్ఫర్మ్ కాని డబ్బు కూడా వాడుకోనిచ్చే ఆప్షన్ ఎప్పుడో ఆన్ చేసి మర్చిపోయినట్టున్నాను, ఆ వచ్చిన కాయిన్‌లోంచే హోస్టింగ్ వాళ్ళకి కట్టేశాను. రెండు నిమిషాల్లో వాళ్ళ పేజీలో 'చెల్లింపు అందింది' అని వచ్చింది, సర్వర్ గడువు మూడు నెలలు పెరిగింది. హాయిగా పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే రెండూ లేవు. వాలెట్‌లో బ్యాలెన్స్ సున్నా. ట్రాన్సాక్షన్ నంబరు పట్టుకుని వెతికితే అలాంటిదేమీ లేదంటోంది. మధ్యాహ్నం హోస్టింగ్ వాళ్ళ మెయిల్: మీరు డబుల్ స్పెండ్ (ఒకే కాయిన్‌ని రెండుసార్లు ఖర్చు) చేశారు, అకౌంట్ ఆపేశాం, 48 గంటల్లో కట్టకపోతే సర్వర్‌లో ఉన్నదంతా తీసేస్తాం అని. నేనేం చేశానండీ? ఒక్కసారి పంపాను, అంతే. క్లయింట్‌కి మెసేజ్ పెట్టాను, వాళ్ళకిప్పుడు అర్ధరాత్రి, చూడలేదు. ఆయన మోసం చేశాడంటే నమ్మబుద్ధి కావడం లేదు. మొత్తానికి ఊరికే కూర్చున్న నా మీద దొంగ ముద్ర పడింది.

నోడ్‌నాయుడు
సోమవారం, రాత్రి 9:31

ముందు కాసిని మంచినీళ్ళు తాగండి. డబ్బు పోయి ఉండదు.

ట్రాన్సాక్షన్ నంబరుతో వెతక్కండి, మీ అడ్రస్‌తో వెతకండి. క్లయింట్ మీకు ఏ అడ్రస్‌కి పంపాడో అది మెంపూల్ డాట్ స్పేస్ అనే ట్రాన్సాక్షన్లు చూపించే సైట్‌లో పెట్టి ఏం కనపడుతుందో చెప్పండి. నంబరు, రేటు, సైజు, మూడూ రాయండి. అడ్రస్ మాత్రం ఇక్కడ పెట్టకండి.

బెజవాడ_బ్యాకెండ్
సోమవారం, రాత్రి 9:40

అయ్యో, ఉంది! నంబరు వేరే. మొత్తం మాత్రం పైసా తేడా లేదు. ఇంకా కన్ఫర్మ్ కాలేదు. సైజు 141 వీబైట్లు (ట్రాన్సాక్షన్ పట్టే చోటు), రేటు ఒక్కో వీబైట్‌కి 12 సాట్ (బిట్‌కాయిన్‌లో అతి చిన్న ముక్క). దాని కింద పాతది ఒకటి గీత కొట్టి చూపిస్తోంది, దానికి రేటు 1 సాట్. ఆ పాతదే నాకు నిన్న వచ్చింది. కానీ పాతదానికి ఆర్‌బీఎఫ్ ఫ్లాగ్, అంటే 'దీన్ని తర్వాత మార్చొచ్చు' అనే గుర్తు, లేదు, నిన్ననే చూశాను. ఫ్లాగ్ లేకపోతే మార్చడం కుదరదు కదా?

రాస్ప్‌బెర్రీ_రాజు
సోమవారం, రాత్రి 9:43

మీ హోస్టింగ్ వాళ్ళు కూడా అచ్చం అలాగే అనుకుని ఉంటారు బ్రో 🙂

నోడ్‌నాయుడు
సోమవారం, రాత్రి 10:08

సరే, జరిగింది ఇదీ.

మీ క్లయింట్ మొదట 1 సాట్ రేటుతో పంపాడు. 141 వీబైట్లు కాబట్టి ఫీజు 141 సాట్లు. దాని మీద మీరు కట్టిన హోస్టింగ్ బిల్లు ఎంత రేటుతో వెళ్ళిందో చెప్పలేదు గానీ 8, 9 అయి ఉంటుంది. 9 అనుకుందాం, సైజు కూడా 141 అనుకుందాం, అంటే 1,269 సాట్లు. మీ దాన్ని బ్లాక్‌లో పెట్టాలంటే మైనర్, అంటే ఫీజు తీసుకుని బ్లాకులు కట్టేవాడు, ముందు క్లయింట్ దాన్ని పెట్టక తప్పదు, ఎందుకంటే మీరు ఖర్చు పెట్టింది అందులోంచి వచ్చిన కాయిన్. అందుకని మైనర్ రెండూ కలిపి చూస్తాడు: 1,410 సాట్లు, 282 వీబైట్లు, సగటున 5. పిల్ల తల్లి తరఫున కట్టడం అంటాం కదా, సీపీఎఫ్‌పీ, మీరు తెలియకుండా అదే చేశారు. కదలకుండా ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు రెండూ ఎక్కేసేవి.

కానీ మీ క్లయింట్ వాలెట్‌కి ఈ లెక్క కనపడదు, దానికి తన 1 సాట్ ఒక్కటే కనపడింది. పాపం ఆలస్యమవుతోందని ఆయన 'వేగం పెంచు' బటన్ నొక్కి ఉంటాడు. అదే కాయిన్, అదే గ్రహీత, తన చిల్లర కొంచెం తగ్గించి ఫీజు పెంచి కొత్త ట్రాన్సాక్షన్ సంతకం చేసి వదిలాడు. అది వచ్చిన ప్రతి నోడ్ (ట్రాన్సాక్షన్లు చూసి పక్కవాటికి అందించే కంప్యూటర్) పాతదాన్ని తీసేసింది, పాతదాన్ని పట్టుకుని వేలాడుతున్న మీ దాన్నీ తీసేసింది. తల్లి లేకపోతే పిల్ల ఎక్కడుంటుంది? మీ హోస్టింగ్ బిల్లు పాత నంబరుని చూపిస్తూ సంతకమైన కాగితం, ఆ నంబరే ఇప్పుడు లేదు. కొత్తగా సంతకం పెట్టాల్సిందే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మార్చేవాడు తీసేయించే వాటన్నిటి ఫీజూ కలిపి దాన్ని దాటి కట్టాలి, ఆపైన తన సైజుకి వీబైట్‌కి 1 సాట్ అదనం. అంటే 1,410 ప్లస్ 141, మొత్తం 1,551. ఆయన కట్టింది 12 లెక్కన 1,692. ఒట్టి తల్లినే దాటాలంటే 282 సరిపోయేది. మీ పిల్ల ఫీజు కూడా పాపం ఆయన నెత్తినే పడింది.

ఎక్కువ నోడ్‌లు నడిపే సాఫ్ట్‌వేర్ బిట్‌కాయిన్ కోర్, దాని సొంత వాలెట్‌లో అయితే పిల్ల ఉన్నదాన్ని బంప్ చేయబోతే, అంటే ఫీజు పెంచబోతే, వద్దని ఆపేస్తుంది. ఆయనది వేరే వాలెట్ అయి ఉంటుంది.

రాస్ప్‌బెర్రీ_రాజు
సోమవారం, రాత్రి 10:15

నాయుడు అన్నా, చిన్న సవరణ. ఆ అదనం 1 సాట్ కాదు ఇప్పుడు. కోర్ 29.1 నుంచి డిఫాల్ట్ 0.1. అంటే 141 కాదు, 15 వేసుకుంటే చాలు. 1,425తో పని అయిపోయేది.

నోడ్‌నాయుడు
సోమవారం, రాత్రి 10:17

అవును, పాత లెక్క నోటికి అంటుకుపోయింది. 1,425. పాత వెర్షన్ నడిపే వాళ్ళ దగ్గర మాత్రం ఇంకా 1,551 కావాలి. 1,692 అయితే ఎక్కడైనా చెల్లుతుంది.

బెజవాడ_బ్యాకెండ్
సోమవారం, రాత్రి 10:22

నాదీ 9 సాటే, 141 వీబైట్లే! ఇప్పుడే చూశాను. చేతులు వణకడం తగ్గింది. ఒక అనుమానం. నా పాత జంట (ఆ తల్లీ, పిల్లా) హోస్టింగ్ వాళ్ళ దగ్గర ఉండే ఉంటుంది కదా. దాన్నే మళ్ళీ నెట్‌వర్క్‌లోకి వదిలి ముందు ఎక్కించుకోవచ్చా? అప్పుడు ఎవరికీ గొడవ ఉండదు.

లైట్నింగ్_లావణ్య
సోమవారం, రాత్రి 10:36

కుదరదు తమ్ముడూ. వదిలితే నోడ్‌లు చూసేది ఒకటే, 12 సాట్ ఉన్నదాన్ని తీసి 1 సాట్‌ది పెట్టుకోమంటున్నావా అని. తిప్పికొడతాయి. మైనర్‌కి నేరుగా ఇచ్చినా వాడికి నష్టం: మీ పాత జంట 282 వీబైట్ల చోటు తిని 1,410 ఇస్తుంది, కొత్తది అందులో సగం చోటుకే 1,692 ఇస్తోంది. నువ్వు మైనర్ అయితే ఏది పెడతావ్?

ఇంకోటి, ఫ్లాగ్ గురించి అడిగావు. ఆ ఫ్లాగ్‌కి ఇప్పుడు పెద్దగా అర్థం లేదు. కోర్ 28 నుంచి ఫ్లాగ్ ఉన్నా లేకపోయినా మార్చనిస్తుంది. కథ పొడుగు, నాయుడు గారు చెప్తారు, ఆయనకి పాత పురాణాలంటే ఇష్టం.

డల్లాస్_దొరబాబు
సోమవారం, రాత్రి 10:41

మా అమ్మకి ఒకసారి ఫోన్‌లో ఇదే చెప్పాల్సొచ్చింది, ఎలా చెప్పానో వినండి. ఆర్టీసీ బస్సు వస్తుంది, కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుతాం కదా. అదే జీరో కన్ఫర్మేషన్, బ్లాక్‌లోకి ఎక్కకముందే డబ్బు అందిందని నమ్మేయడం. ముందు కర్చీఫ్ ఎవరిదో వాడిదే సీటు అని ఒక మర్యాద నడుస్తుంది. కానీ టికెట్ కొట్టేది కండక్టర్. కర్చీఫ్‌కి చట్టంలో చోటు లేదు. మన తమ్ముడు ఏం చేశాడంటే వేరేవాడి కర్చీఫ్ మీద తన కర్చీఫ్ వేశాడు, అసలువాడు వచ్చి కిందది లాగితే రెండూ ఊడొచ్చాయి.

లైట్నింగ్_లావణ్య
సోమవారం, రాత్రి 10:44

బాగుంది గానీ ఒక్క చోట తప్పు దారి పట్టిస్తుంది దొరబాబు గారూ. బస్సులో ఎవడైనా వచ్చి కర్చీఫ్ తీసి పారేయగలడు. ఇక్కడ ఆ కాయిన్ తాళం ఎవరి దగ్గరుందో వాళ్ళు మాత్రమే లాగగలరు. మూడోవాడు ఎంత ఫీజు పెడతానన్నా కుదరదు, సంతకం లేదు కాబట్టి.

పాతబస్తీ_పీర్
సోమవారం, రాత్రి 11:02

మీరంతా ఆ పిల్లగాడిదే తప్పన్నట్టు మాట్లాడుతున్నరు. నాకైతే ఆ హోస్టింగోడి తప్పు కూడా కనిపిస్తలేదు. తప్పంతా ఫ్లాగ్ లేకున్నా మార్చనిచ్చే ఫుల్ ఆర్‌బీఎఫ్‌ది.

ఏళ్ళ తరబడి ఒక పద్ధతి నడిచింది. మార్చుకోవాలంటే ముందే ఫ్లాగ్ పెట్టు, లేదంటే నోడ్‌లు మొదట చూసిందే ఉంచుకుంటయ్. చిన్న మొత్తాలకి దుకాణపోడు ఆ ఫ్లాగ్ చూసి సామాను ఇచ్చేసేటోడు. పది నిమిషాలు, ఒక్కోసారి గంట, కౌంటర్ ముందు ఎవడు నిలబడతడు? ఇరానీ చాయ్ తాగి బ్లాక్ కోసం కూర్చోమంటరా? 2022ల మ్యూన్ వాలెట్ వాళ్ళు, కాయిన్లకి గిఫ్ట్ కార్డులమ్మే బిట్‌రీఫిల్ వాళ్ళు మొత్తుకున్నరు, మా వ్యాపారం దీని మీదనే నడుస్తుంది, డిఫాల్ట్ మార్చొద్దని. ఎవడన్నా విన్నడా? బిట్‌కాయిన్ క్యాష్ వాళ్ళు 2017ల విడిపోయినప్పుడే ఆర్‌బీఎఫ్ పీకి పారేసిన్రు, వాళ్ళు ఏం పిచ్చోళ్ళు కాదు.

నోడ్‌నాయుడు
సోమవారం, రాత్రి 11:47

పీర్ భాయ్, కోపం అర్థమైంది, కానీ 'పద్ధతి' అన్న మాట దగ్గర ఆగుతాను. అది పద్ధతే, నియమం కాదు. ఈ తేడా చెప్పకుండా ఫుల్ ఆర్‌బీఎఫ్ గురించి ఏం మాట్లాడినా గాలిలో కత్తి తిప్పినట్టే.

బ్లాక్ చెల్లుతుందా లేదా అన్నది అందరికీ ఒకటే, అది కన్సెన్సస్. బ్లాక్‌లోకి ఎక్కక ముందు నా మెమరీలో ఏం ఉంచుకోవాలి, పక్కవాడికి ఏం అందించాలి అన్నది నా ఇష్టం, అది పాలసీ. నా మెంపూల్, అంటే ఎక్కనివి ఉంచుకునే ఆ మెమరీ, 300 ఎంబీ, రెండు వారాలు దాటితే తీసేస్తాను, అవి కోర్ ఇచ్చిన డిఫాల్ట్‌లు అంతే, రేపు నేను మార్చుకున్నా ఎవరూ అడగరు. ఇక 'మొదట చూసింది' అన్న మాటకే అర్థం సరిగా కుదరదు, ఎవరు మొదట చూశారు? విశాఖలో నా నోడ్ ఒకటి చూస్తుంది, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నవాడు రెండోది చూస్తాడు. ఏది ముందో తేల్చడానికే కదా ఈ బ్లాక్‌చెయిన్ అంతా పెట్టుకున్నది. అది ముందే తేలిపోతే మైనర్లెందుకు?

చరిత్ర కూడా మీరు చెప్పినంత సాఫీగా లేదు. బిట్‌కాయిన్ కనిపెట్టిన సతోషి రాసిన మొదటి సాఫ్ట్‌వేర్‌లోనే మార్చుకునే ఏర్పాటు ఉంది, సీక్వెన్స్ నంబరు పెంచుకుంటూ పోతే కొత్తది పాతదాన్ని తీసేస్తుంది. ఫీజు పెంచకుండానే ఎన్నిసార్లయినా మార్చొచ్చు కాబట్టి ఎవడో కూర్చుని లక్షసార్లు మారిస్తే నెట్‌వర్క్ కుప్పకూలుతుంది. అందుకని 2010లో తనే ఆపేశాడు. అక్కడ పోయింది మార్పిడి అనే ఆలోచన కాదు, ఉచిత మార్పిడి. 2015లో పీటర్ టాడ్ అనే డెవలపర్ ఫుల్ ఆర్‌బీఎఫ్ ప్యాచ్ పట్టుకుని తిరిగితే ఎఫ్2పూల్ అనే మైనర్ల గుంపు పెట్టుకుంది, గొడవ రేగగానే వెనక్కి తగ్గి, గ్రహీతకి డబ్బు తగ్గకుండా ఫీజు మాత్రం పెంచుకోనిచ్చే మెత్తటి రకానికి మారింది. ఆ ఏడాది చివర్లోనే డేవిడ్ హార్డింగ్, టాడ్ కలిసి బిప్ 125 అనే ప్రతిపాదన రాశారు. మీరు చెప్పే ఫ్లాగ్ అదే. 2016 మొదట్లో కోర్ 0.12తో వచ్చింది. ఫ్లాగ్ రాజీ కోసం పెట్టింది భాయ్, భద్రత కోసం కాదు.

ఆ తర్వాత 2022 చివర్లో కోర్ 24లో మెంపూల్‌ఫుల్‌ఆర్‌బీఎఫ్ అనే ఆప్షన్ ఇచ్చారు, డిఫాల్ట్‌గా ఆఫ్. అప్పుడే మీరు చెప్పిన గొడవ. మెల్లగా మైనర్లు ఆన్ చేసుకున్నారు, చేసుకోరా మరి, ఎక్కువ ఫీజు వచ్చేది వదిలి తక్కువది ఎందుకు పెడతారు? 2024 అక్టోబర్‌లో కోర్ 28తో డిఫాల్ట్ ఆన్ అయింది, 2025 ఏప్రిల్‌లో 29 వచ్చేసరికి ఆ ఆప్షనే తీసేశారు. నా ఉద్దేశంలో కోర్ వాళ్ళు దారి చూపలేదు, మైనర్లు నడిచిన దారికి బోర్డు పెట్టారు.

పాతబస్తీ_పీర్
మంగళవారం, రాత్రి 12:05

బోర్డు పెట్టినాక ఆ దారిన పోయేటోళ్ళు పెరుగుతరా లేదా అది చెప్పు అన్నా. మర్యాద అన్నది అందరూ పాటించినంత సేపే ఉంటది. మీరు పాటించకండి అని డిఫాల్ట్ పెట్టి, చూసిన్రా మర్యాద లేదు అంటే ఎట్ల?

మా నాయిన కిరాణా దుకాణంల ఉద్దర పుస్తకం ఉండేది. దానికి చట్టం లేదు, సంతకం లేదు. ముప్పై ఏళ్ళు నడిచింది. నూటికి ఇద్దరు ఎగ్గొట్టిన్రేమో, ఆ లెక్క ధరల కలుపుకునేటోడు. జీరో కన్ఫర్మేషన్ గూడ గంతే, రిస్క్ లెక్కేసుకుని ఇచ్చేది. దాన్ని సాంకేతికంగా తప్పు అని తీసి పక్కన పెట్టేస్తున్నరు మీరు.

లైట్నింగ్_లావణ్య
మంగళవారం, రాత్రి 12:24

పీర్ భాయ్ ఉద్దర మాట నాకు నచ్చింది, నిజంగా. కానీ మీ నాన్నగారికి ఎగ్గొట్టినవాడి ఇల్లు ఏ సందులో ఉందో తెలుసు! ఇక్కడ వాడి పేరు కూడా తెలియదు. అదీకాక ఎగ్గొట్టే పని ఒక స్క్రిప్ట్‌తో వెయ్యి దుకాణాల మీద ఒకేసారి చేయొచ్చు. మ్యూన్ వాళ్ళు భయపడింది దానికే.

నా వైపు నుంచి చూస్తే మార్పిడి లేకపోతే బతుకు లేదు. లైట్నింగ్ అంటే ప్రతి చెల్లింపుకీ బ్లాక్ కోసం ఆగకుండా బిట్‌కాయిన్ పైన నడిచే నెట్‌వర్క్, అందులో ఇద్దరికీ ఉమ్మడి చానెల్, గొడవొస్తే నేను గడువులోపల, అంటే ఇన్ని బ్లాకుల్లోపల, నా ట్రాన్సాక్షన్ ఎక్కించుకోవాలి, లేకపోతే నా డబ్బు వాడికి పోతుంది. ఫీజులు ఎగిసిన రోజున రేటు పెంచుకోలేకపోతే చూస్తూ కూర్చోవాలి. 2024 ఏప్రిల్‌లో హాల్వింగ్ (మైనర్లకొచ్చే కొత్త కాయిన్లు సగమయ్యే) రోజు గుర్తుందిగా, 8,40,000వ బ్లాక్‌లో ఒట్టి ఫీజులే 37 బిట్‌కాయిన్లు దాటాయి, రూన్స్ అనే కొత్త టోకెన్ల పిచ్చితో. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

అసలు నన్ను ఏడిపించేది ఫుల్ ఆర్‌బీఎఫ్ కాదు, ఇందాక నాయుడు గారు తమాషా అన్నారే, ఆ నియమం. తీసేసే వాటన్నిటి ఫీజూ దాటాలి అన్నది. బెజవాడ తమ్ముడు తెలియక వేసిన పిల్ల వల్ల క్లయింట్‌కి వెయ్యి సాట్లు పైగా అదనంగా పోయాయి కదా. అదే పని అవతలి చానెల్‌వాడు కావాలని చేస్తే? లక్ష వీబైట్ల ఉబ్బిన పిల్లని 1 సాట్ రేటుకి తగిలిస్తాడు. రేటు తక్కువ కాబట్టి మైనర్ తీసుకోడు, మొత్తం లక్ష సాట్లు కాబట్టి నేను దాన్ని దాటి కట్టకుండా తీయలేను. తలుపుకి అడ్డంగా గేదెని కట్టేసినట్టు, లోపలికి రాదు, బయటికి పోదు. దీన్నే పిన్నింగ్ అంటాం.

కోర్ 28లో దీనికి వచ్చిన మందు ట్రక్ (టీఆర్‌యూసీ), అంటే వెర్షన్ 3 ట్రాన్సాక్షన్లు, బిప్ 431. ఆ వెర్షన్ పెట్టుకుంటే కన్ఫర్మ్ కాకముందు ఒక్క పిల్లకే చోటు, అదీ 1,000 వీబైట్లు దాటకూడదు. లక్ష కాస్తా వెయ్యి అయింది, గేదె మేకయింది. అదే వెర్షన్‌లో తల్లీపిల్లల్ని ఒక మూటగా అందించే ఏర్పాటు కూడా వచ్చింది, తల్లి రేటు మరీ తక్కువైనా పిల్ల ఫీజు చూసి నోడ్ లోపలికి రానిస్తుంది. ఒకప్పుడు తల్లిని గుమ్మంలోనే తోసేసేవాళ్ళు, పిల్ల డబ్బు సంచీతో వెనకే వస్తోందని వినకుండా.

2023లో ఆంత్వాన్ రియార్డ్ బయటపెట్టిన రీప్లేస్‌మెంట్ సైక్లింగ్ సంగతి ఇప్పుడు ఎత్తను, అర్ధరాత్రి దాటింది, అది పిన్నింగ్‌కి తలకిందులు, మార్పిడినే ఆయుధంగా వాడి నా ట్రాన్సాక్షన్‌ని మెంపూల్‌లోంచి మళ్ళీ మళ్ళీ గెంటడం. కావాలంటే వేరే దారం (థ్రెడ్) తెరవండి.

డల్లాస్_దొరబాబు
మంగళవారం, ఉదయం 6:50

ఇక్కడ సాయంత్రం అయింది, ఆఫీసు నుంచి వచ్చి చదివాను. నాయుడు గారూ, పాలసీ ఎవడిష్టం వాడిది అన్నారు, సంతోషం. మరి నా ఇష్టం కొద్దీ నేను కోర్‌కి బదులు నాట్స్ అనే సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాను, ఓపీ రిటర్న్‌లో, అంటే ట్రాన్సాక్షన్‌లో వేరే డేటా పెట్టే చోట, చెత్త వస్తే అందించను. కోర్ 30 వచ్చి 83 బైట్ల హద్దుని లక్ష బైట్లు చేసి కూర్చుంది. నేను నా ఇంట్లో ఫిల్టర్ పెట్టుకుంటే మాత్రం మీవాళ్ళంతా పనికిరాదు, పనికిరాదు అని ఎందుకు అరుస్తారు?

నోడ్‌నాయుడు
మంగళవారం, ఉదయం 7:30

పెట్టుకోండి, హక్కు మీదే. పనికిరాదు అన్నది వేరే మాట, అది హక్కు గురించి కాదు. అందించేవాళ్ళు పదిమందిలో ఒకడున్నా ట్రాన్సాక్షన్ మైనర్‌ని చేరుతుంది. ఎవరూ అందించకపోయినా నేరుగా మైనర్‌కే ఇచ్చే దారులున్నాయి. ఫుల్ ఆర్‌బీఎఫ్ విషయంలో పీర్ భాయ్‌కి చెప్పిందే మీకూ.

రాస్ప్‌బెర్రీ_రాజు
మంగళవారం, ఉదయం 8:12

ఇక్కడ నేను చూసింది ఒకటి చెప్తా, వాదన కాదు, నా డబ్బా నోడ్ కథ.

హన్మకొండలో మా ఇంట్లో టీవీ వెనకాల రాస్ప్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటర్ మీద నోడ్ నడుస్తుంది. 2025 ఎండాకాలం దాటాక మైనర్లు 1 సాట్ కంటే తక్కువ రేటువి కూడా తీసుకోవడం మొదలుపెట్టారు కదా, 0.1కి కూడా. నా నోడ్‌కి మాత్రం డిఫాల్ట్ 1 సాట్, అంతకంటే తక్కువది వస్తే తలుపు తీయదు. కొత్త బ్లాక్ వచ్చినప్పుడు పక్క నోడ్ మొత్తం బ్లాక్ పంపదు, పొట్టి గుర్తులు మాత్రమే పంపుతుంది, నీ మెంపూల్‌లో ఉన్నవాటితో నువ్వే పేర్చుకో అని, కాంపాక్ట్ బ్లాక్ అంటారు. అంతకుముందు లాగ్‌లో చూస్తే పేర్చుకున్నాక అడగాల్సినవి సున్నా, మూడు, ఏడు, ఇలా ఉండేవి. ఆ ఆగస్టులో వందలు. ఒక బ్లాక్‌కి తొమ్మిది వందలు దాటి అడిగింది. అడగాలంటే ఇంకో రౌండు, అక్కడ ఆలస్యం. నా ఒక్కడి దగ్గరైతే ఏం కాదు, అందరి దగ్గరా అదే అయితే బ్లాక్ ప్రపంచమంతా పాకడం నెమ్మదిస్తుంది, అప్పుడు నష్టపోయేది చిన్న మైనరే, పెద్ద పూల్ తన బ్లాక్ తను ముందే చూసుకుంటుంది.

చేతితో కాన్ఫిగ్‌లో 0.1కి దించాను, మర్నాటికి మళ్ళీ పాత సంఖ్యలకి వచ్చింది. తర్వాత 29.1లో కోర్ వాళ్ళే డిఫాల్ట్ దించారు. దొరబాబు అన్నా, నువ్వు నీ ఇంట్లో ఏం పెట్టుకున్నా సరే, కానీ నువ్వు చెత్త అని వద్దన్నది బ్లాక్‌లోకి ఎక్కితే నీ నోడ్ దాన్ని రెండుసార్లు తెచ్చుకున్నంత పని చేస్తుంది.

డల్లాస్_దొరబాబు
మంగళవారం, ఉదయం 8:20

ఆలస్యం సంగతి ఒప్పుకుంటాను, నా లాగ్ కూడా చూస్తాను. కానీ చౌకగా ఉందని చెత్తకి తలుపు తీయడం వేరు, తక్కువ ఫీజుకి తీయడం వేరు. అది డబ్బు, ఇది బొమ్మలు. నాట్స్ రాసే లూక్ డాష్‌జర్ చెప్పే ముక్కల్లో సగం నాకు పడవు గానీ ఈ ముక్క మాత్రం

మోడరేటర్_శాస్త్రి
మంగళవారం, ఉదయం 8:26

దొరబాబు గారూ, ఆ ముక్క కోసం ఇప్పటికే 41 పేజీల దారం నడుస్తోంది, అక్కడికి పదండి. ఇక్కడ ఒక కుర్రాడి సర్వర్ గడువు నడుస్తోంది.

కాకినాడ_ఖాతా
మంగళవారం, ఉదయం 8:40

అంతా బానే ఉంది, ఫ్రీలాన్స్ ఆదాయం కాయిన్లలో తీసుకుంటున్నారు కదా, 30 శాతం పన్ను, 1 శాతం టీడీఎస్ ఎవరికి పడతాయో చూసుకున్నారా? 2022 నుంచి

మోడరేటర్_శాస్త్రి
మంగళవారం, ఉదయం 8:41

పన్నుల విభాగం కింద ఉందండీ. దయచేసి.

బెజవాడ_బ్యాకెండ్
మంగళవారం, ఉదయం 11:18

అందరికీ దణ్ణం. రాత్రి 12 దాటాక క్లయింట్ కొత్త ట్రాన్సాక్షన్ బ్లాక్‌లోకి ఎక్కింది. రెండు కన్ఫర్మేషన్లు అయ్యేదాకా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుని, అప్పుడు హోస్టింగ్ వాళ్ళకి కొత్తగా కట్టాను, ఈసారి 3 సాట్ రేటుతో. ఇరవై నిమిషాల్లో ఎక్కింది.

పొద్దున వాళ్ళ సపోర్ట్‌కి పెద్ద మెయిల్ రాశాను. నాయుడు గారి లెక్క మొత్తం అందులో దించాను, 1,410, 1,692, గీత కొట్టిన పేజీ స్క్రీన్‌షాట్‌తో సహా. మొదట ఒకాయన మళ్ళీ అదే పాట, మీ ట్రాన్సాక్షన్ రద్దయింది కాబట్టి మీరే రద్దు చేశారు అని. నా కాయిన్‌కి తల్లి ఎవరిదో చూడండి, ఆ సంతకం నాది కాదు, నేను మార్చాలన్నా మార్చలేను అని రాశాను. ఇంకొకాయనకి అప్పజెప్పారు, ఆయనకి అరగంటలో అర్థమైంది. సర్వర్ తిరిగొచ్చింది, డేటా అంతా ఉంది. దొంగ ముద్ర తీసేశామని మాత్రం ఎక్కడా రాయలేదు. వాళ్ళ చెల్లింపు పేజీలో ఇప్పుడు 'కనీసం 1 కన్ఫర్మేషన్' అని కొత్త లైను కనపడుతోంది, నా కోసమే పెట్టారో ఏమో.

క్లయింట్ కూడా ఇప్పుడే జవాబిచ్చాడు. నాయుడు గారు చెప్పినట్టే, 1 సాట్ దగ్గర ఇరుక్కుందని చూసి నా కోసమే తొందర పెట్టాడట. వాలెట్ 12 అడిగితే ఇంత ఎందుకు అనుకున్నాడట గానీ నొక్కేశాడు.

కన్ఫర్మ్ కాని డబ్బు వాడుకునే ఆప్షన్ ఆఫ్ చేశాను.

పాతబస్తీ_పీర్
మంగళవారం, ఉదయం 11:25

మంచిగైంది తమ్మీ. చూసినవా, ఇంకో దుకాణం ఉద్దర పుస్తకం మూసేసింది.

నోడ్‌నాయుడు
మంగళవారం, ఉదయం 11:33

పీర్ భాయ్, లైట్నింగ్‌లో కట్టించుకుంటే రెండు సెకన్లు, ఉద్దరా అక్కర్లేదు, బ్లాకూ అక్కర్లేదు. మీ దుకాణానికి పెట్టిస్తాను, ఆదివారం ఫోన్ చేయండి.

పాతబస్తీ_పీర్
మంగళవారం, ఉదయం 11:36

ఆ గేదెని కట్టేసే కథ చదివినాక గూడ అడుగుతున్నవా అన్నా?

లైట్నింగ్_లావణ్య
మంగళవారం, ఉదయం 11:38

మేక అయిందని చెప్పాను కదా భాయ్ 😄

రాస్ప్‌బెర్రీ_రాజు
మంగళవారం, మధ్యాహ్నం 12:02

ఇంతకీ ఆ అదనపు ఫీజు ఎవరి ఖాతాలో పడింది?

బెజవాడ_బ్యాకెండ్
మంగళవారం, మధ్యాహ్నం 12:10

క్లయింట్ ఖాతాలోనే. వచ్చే బిల్లులో సగం నాకు కోస్తానంటున్నాడు. ఆ పిల్ల నీదే కదా అంటున్నాడు.